తూర్పు ఎడమ పక్కన

మా బాపుకు కొత్త మనిషి కనిపిస్తే, ఆ మనిషి ఎవరో తేలేదాకా కాలు కదలదు. శంషాబాద్ బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ పక్కన నిలబడ్డవాడిని పట్టుకుంటాడు. "ఏ ఊరు పటేలా మీది? ఎవరోళ్లు? ఇంటిపేరేంది?" అక్కడితో ఆగితే బాగానే ఉండేది. తల్లిగారి ఊరు, అత్తగారి ఊరు, మేనమామలు ఎంతమంది, అన్నీ కావాలి. రెండో చాయ్ అయ్యేసరికి ఆ మనిషి మా చిన్నమ్మ ఆడబిడ్డకు మరిది వరస అవుతాడని తేలుతుంది. తేలకపోతే బాపు ఆ పూటంతా పరేషాన్‌గా తిరుగుతాడు. ఒకసారి ఒడిశా నుంచి వచ్చిన ఎయిర్‌పోర్టు గార్డును పట్టుకుని, తనకు రాని హిందీలో అరగంట మాట్లాడి, వాళ్ల నాన్న కూడా వరి పండిస్తాడని తెలుసుకున్నాక గానీ వదల్లేదు. ఆ గార్డు ఇప్పటికీ బాపు కనిపిస్తే నమస్తే పెడతాడు.

చిన్నప్పుడు బాపు పక్కన నిలబడి సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. పెద్దయ్యాక అదే పని చేసి డాక్టరేట్ తెచ్చుకున్నాను. కాకపోతే నేను అడిగేది నక్షత్రాలను.

ఆకాశంలో ఎక్స్-కిరణాలు చిమ్మే వస్తువులు వేలకు వేలున్నాయి. ఆ కిరణాలను మన గాలి కిందికి రానివ్వదు కాబట్టి ఉపగ్రహాలు పైనుంచి చూసి, ఫలానా దిక్కున ఏదో ఉందని చెబుతాయి. ఏముందో చెప్పవు. చోటైనా సరిగ్గా చెబుతాయా అంటే అదీ లేదు, ఒక చిన్న వృత్తం గీసి ఇందులో ఎక్కడో వెతుక్కోమంటాయి. మామూలు టెలిస్కోపుతో చూస్తే ఆ వృత్తంలో చుక్కలు ఒకటో, రెండో, అయిదో కనిపిస్తాయి. వాటిలో అసలుది ఏదో తేల్చాలంటే ఒక్కో చుక్క వెలుగును పట్టి రంగులుగా విడదీసి చూడాలి. ఆ రంగుల పట్టీని వర్ణపటం అంటారు. పట్టీలో నల్ల గీతలున్నాయా, మెరిసే గీతలున్నాయా, ఏ గీత ఎక్కడుంది అని చూస్తే ఆ చుక్క ఎంత వేడిదో, దేనితో చేసిందో, ఎంత దూరంలో ఉందో చాలావరకు తెలిసిపోతుంది. బాపు చాయ్ కొట్టు దగ్గర చేసేది కూడా దాదాపు ఇదే.

నక్షత్రాల పని కదా, మా పిల్ల రాత్రంతా మేలుకుంటుందని అమ్మ చుట్టాలందరికీ చెప్పి పెట్టింది. నిజానికి నేను తొమ్మిదింటికే పడుకుంటాను. టెలిస్కోపు ఎక్కడో ఉత్తరాన మంచు కొండల మీద ఉంది. ఏ చుక్కను చూడాలో గుర్తు పెట్టి ఒక చార్టు పంపితే, అక్కడివాళ్లే చూసి ఫైలు పంపిస్తారు. నేను పగటిపూట, తొండుపల్లిలో మా ఇంటి ముందు గదిలో, కుక్కర్ కూతల మధ్య, పది నిమిషాలకోసారి ఇంటి మీదుగా పోయే విమానాల చప్పుడులో ఆ గీతలు చూసుకుంటూ కూర్చుంటాను.

నా థీసిస్‌లో ముప్ఫై ఒక్క గుర్తు తెలియని ఎక్స్-రే మూలాలున్నాయి. ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు బాపు చాలా గంభీరంగా విని, "ఎక్స్‌రేనా? ఎవని బొక్కలిరిగినయ్ బిడ్డా ఆడ?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కానీ వివరంగా చెప్పాక ఆయనకు నాకంటే ఎక్కువ పట్టింపు వచ్చేసింది. పాల్మాకుల పక్కన మాకు మిగిలిన ఎకరంలో ఆకుకూరలు కోసి, శంషాబాద్‌లో దించి, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోగానే మొదటి మాట, "ఇయ్యాల ఎవలన్న దొరికిండ్రా?" దొరికితే ఆ చుక్క వివరాలన్నీ కావాలి. దూరపు గెలాక్సీ నడుమ ఉన్న బ్లాక్ హోల్ అని చెబితే, "అబ్బో, పెద్దోళ్లే" అనేవాడు. పక్కనే ఉన్న ఉడుకు రక్తపు చిన్న ఎర్ర నక్షత్రం అని చెబితే, "గంతేనా" అని చప్పబడిపోయేవాడు. అట్లా మూడేళ్లలో ముప్ఫై తేలాయి. ఒకటి మిగిలింది.

ఆ ఒక్కటి నా ప్రాణం తీసింది. దాని వృత్తంలో నడుమ ఒక పెద్ద చుక్క, దానికి అటొకటి ఇటొకటి చిన్న చుక్కలు, చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి. పెద్దదాన్ని ముందే చూసేశాం, అది కాదు. ఉపగ్రహం రెండోసారి ఇంకొంచెం జాగ్రత్తగా చూసి, అసలుది పెద్ద చుక్కకు తూర్పున ఉందని తేల్చింది. మిగతా ముప్ఫైటికీ కంప్యూటరే చార్టు గీసిచ్చింది. ఇది మరీ ఇరుకు గుంపు కావడంతో, ఏ చుక్కను చూడాలో బాణం నేనే చేత్తో గీసి పంపాను.

డిసెంబరు చివర్లో ఫైలు వచ్చింది. అందులో అన్నీ నల్ల గీతలే. మన సూర్యుడిలాంటి ముసలి, బుద్ధిమంతుడైన నక్షత్రం. ఎక్స్-కిరణాలు చిమ్మే రకమే కాదు. అంటే అసలుది ఆ చోటే ఉంది, కానీ కంటికి కనబడనంత మసకగా ఉంది. అలాంటివి చాలా అరుదు. యూనివర్సిటీలో నాకు గైడ్‌గా ఉన్న మేడం గుంటూరు మనిషి, ఊరికే పొగిడే రకం కాదు. ఆవిడే ఫోన్ చేసి, "ఏమ్మా, ఇదొక్కటే చాలు, వేరే పేపర్ రాసేయొచ్చు. ఫిబ్రవరిలో థీసిస్ ఇచ్చేద్దాం" అన్నారు. బ్లాక్ హోల్ అయ్యే అవకాశం కూడా లేకపోలేదని నేను ఇంట్లో నోరు జారాను. తప్పంతా అక్కడే మొదలైందనుకుంటాను.

మర్నాటికి బస్టాండు దగ్గర 'అవకాశం' అనే మాట రాలిపోయి బ్లాక్ హోల్ మిగిలింది. వారానికి మా తొండుపల్లి పిల్ల బ్లాక్ హోల్‌ను పట్టుకుందని పాల్మాకుల దాకా తెలిసింది. అది ఇంట్లోనే ఉందా, చూడొచ్చా అని ఒకావిడ అమ్మను అడిగిందట. చివరికి ఊళ్లో నేను చదివిన బడి పెద్దసారు ఇంటికొచ్చి, ఛబ్బీస్ జనవరి నాడు జెండా ఎగరేశాక నాకు శాలువా కప్పుతామని, పిల్లలకు నాలుగు మాటలు చెప్పాలని అడిగారు. బాపు ఆ రోజే తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇచ్చాడు. ఇంకా పన్నెండు రోజులుంది.

ఆ వారంలోనే ఒక పొద్దున, చలికి ఎండ కాగుదామని మేడ మీద కూర్చుని చార్టులు సరిచూసుకుంటున్నాను. బాపు వచ్చి పక్కన కూర్చుని ఒక కాగితం తీసుకున్నాడు. బాపుకు కాగితం చదవడం కొద్దిగానే వచ్చు, కానీ పటం, ఆయన మాటలో నక్ష, చూడ్డంలో ఆయన్ని మించినవాడు లేడు. ఎయిర్‌పోర్టు కోసం మా భూములు కొలిచినప్పుడు నేను మూడో తరగతి. అధికారులు తెచ్చిన నక్షను నేల మీద పరిచి, పై అంచు ఉత్తరానికి తిప్పి, "గిది తూర్పు, గిది మన బాయి, గిది మన చింతచెట్టు" అని నా వేలు పట్టుకుని ఒక్కొక్కటీ చూపించాడు. ఆయన చూపించిన అంకెలన్నీ నేను చదివి వినిపించాను. ఆ బావి ఇప్పుడు రన్‌వే కింద ఉంది. విమానం దిగిన ప్రతిసారీ బాపు, "మన బాయి మీదికెల్లి పోయింది" అంటాడు, ఎవరు విన్నా వినకపోయినా.

ఆ అలవాటుతోనే నా చార్టును బండల మీద పరిచి, పై అంచు ఉత్తరానికి తిప్పి, కాసేపు చూసి, "గీ నక్షల తూర్పు గిటెందుకున్నది బిడ్డా?" అన్నాడు. అంచున చిన్నగా రాసి ఉన్న అక్షరం మీద వేలు పెట్టాడు. తూర్పు ఎడమ పక్కన ఉంది, భూమి నక్షలోలాగా కుడి పక్కన కాదు.

"అది భూమి నక్ష కాదు బాపు, ఆకాశం నక్ష. కింద పరిస్తే కుదరది. పండుకొని మొఖం మీద పట్టుకొని చూడాలె. అప్పుడు సరిగ్గ వస్తది."

బాపు దేన్నీ ఊరికే నమ్మడు. వెంటనే బండల మీద వెల్లకిలా పడుకున్నాడు. తల ఉత్తరానికి పెట్టమన్నాను. కాగితాన్ని రెండు చేతులతో ముఖం మీదికి ఎత్తి పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే అమ్మ ఉతికిన బట్టలు ఆరేయడానికి పైకొచ్చింది.

"ఉత్తరం దిక్కు తలకాయ పెట్టి పండుతరా ఎవలన్న? బుద్ధున్నదా మీ ఇద్దరికి?"

"పండుకుంటలేనే, నక్ష చూస్తున్న" అన్నాడు బాపు కాగితం వెనక నుంచి. తర్వాత ఎడమ చెయ్యి చాపి, పాల్మాకుల దిక్కు ఎటు, ఎండ ఎటు అని చూసుకుని, "అరె, నిజమే. తూర్పు ఎడమకే వచ్చింది" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. నేనూ నవ్వబోయాను. డిసెంబరులో నేను గీసిన బాణం కళ్ల ముందుకొచ్చింది.

కిందికి పరుగెత్తి లాప్‌టాప్ తెరిచాను. అనుమానం నిజమే. పెద్ద చుక్కకు తూర్పున ఉన్నదాన్ని చూడమని చెప్పాల్సిన నేను, ఏమాత్రం ఆలోచించకుండా, బాణాన్ని కుడి పక్క చుక్క మీద గీశాను. ఆకాశం చార్టులో కుడి అంటే పడమర. అయిదేళ్లుగా ఈ చదువు చదువుతున్నాను, కుడి ఎడమల సంగతి నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ చేత్తో బాణం గీయాల్సి వచ్చిన ఆ ఒక్కసారి, నా చేతిని నడిపింది మూడో తరగతిలో నేర్చుకున్న నక్ష. కంటికి కనబడనంత అరుదైన వస్తువేదీ లేదు. అసలుది పెద్ద చుక్కకు అవతలి పక్కన తీరిగ్గా కూర్చుని ఉంది. నేను పక్కింటి తలుపు కొట్టి, వాళ్లింట్లో ఎవరూ లేరని ఊరంతా చెప్పేశాను.

ఇప్పుడు ఒక నిజం చెప్పాలి. ఆ పూట అంతా నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. మేడం వర్ణపటాన్ని చూశారు గానీ చార్టును చూడలేదు. కొండ మీదివాళ్లు నా బాణం ఎక్కడుంటే అక్కడే చూశారు. ఈ సంగతి లోకంలో నాకు తప్ప ఎవరికీ తెలియదు, మా బాపుకు కూడా. చెప్పకపోతే పేపర్ ఉంటుంది, ఫిబ్రవరిలో థీసిస్ ఉంటుంది, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా ఉంటుంది. చెబితే ముప్ఫైతో ఆగిపోతాను. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నెల తిరిగేసరికి సూర్యుడు ఆ దిక్కుకు వచ్చేస్తాడు. అప్పుడిక ఆ గుంపును చాలా నెలల దాకా ఎవరూ చూడలేరు. మధ్యాహ్నం రెండు ముద్దలు తినలేక వదిలేస్తే, నాకు జ్వరమొచ్చిందేమోనని అమ్మ నుదురు పట్టుకుని చూసింది. సాయంత్రానికి మేడంకు నాలుగు వాక్యాల మెయిల్ రాసి, చదువుకోకుండానే పంపేశాను. మళ్లీ చదివితే పంపేదాన్ని కాదు.

పొద్దున యూనివర్సిటీకి బయలుదేరాను. ఆరాంఘర్ దగ్గర బస్సు ఎప్పటిలాగే ఇరుక్కుపోయింది. అక్కడ ఏడుపు ఆగలేదు. చున్నీ అడ్డం పెట్టుకుని ఏడుస్తుంటే పక్క సీటు ముసలమ్మ నా మోకాలు తట్టి, "దవాఖానకు పోతున్నవా బిడ్డా? ఎవలకు బాగలేదు?" అని అడిగింది. అవునన్నాను. బాణం తప్పు గీశానని చెప్పడం కంటే అదే తేలిక. దిగేటప్పుడు సంచిలోంచి రెండు జామకాయలు తీసి, పేషెంటుకు పెట్టమని ఇచ్చింది. రెండూ నేనే తిన్నాను.

మేడం తిట్టలేదు. అదే ఇంకా కష్టంగా అనిపించింది. చార్టును చాలాసేపు చూసి, "నేనూ చూడాల్సింది" అన్నారు. తర్వాత ఫోన్ తీసుకుని ఒకరి తర్వాత ఒకరికి చేస్తూ పోయారు. చివరికి వేరే ఊళ్లో ఉన్న ఒక పరిశోధకుడు, నా ముఖం కూడా ఎరగనివాడు, టెలిస్కోపు మీద తన వంతులోంచి అరగంట ఇస్తానన్నాడు. ఈసారి బాణం గీశాక ప్రింటు తీసి, డిపార్ట్‌మెంటు బల్ల మీద తల ఉత్తరానికి పెట్టి పడుకుని చూశాను. మేడం తలుపు దగ్గర నిలబడి, "ఎవరైనా వస్తే ఏం చెప్పమంటావ్?" అన్నారు.

ఇంటికొచ్చి బాపుకు జరిగిందంతా చెప్పాను. ఆయన కోప్పడతాడేమో, ఊళ్లో పరువు పోయిందంటాడేమో అనుకున్నాను. నా చార్టును మడతలు పెట్టి తన దగ్గర పెట్టుకుని, "తూర్పు కుడికుంటదని నేనే నేర్పిన గద" అన్నాడు. అట్లా కాదు బాపు, నువ్వు అడగకపోతే తప్పు బయటపడేదే కాదు అని ఎంత చెప్పినా ఆయన తలకెక్కలేదు. రెండు రోజులు బస్టాండుకు పోలేదు. కొత్త మనుషులు ఏ ఊరు, ఎవరోళ్లు అన్న బాధ లేకుండా చాయ్ తాగి వెళ్లిపోయారు.

కొండల మీద మంచు పట్టిందని మూడు రోజులు ఏమీ చూడలేకపోయారు. బాపు తొండుపల్లి ఆకాశం చూసి, "ఇయ్యాల మబ్బు లేదు, చూస్తరు" అనేవాడు. ఆ కొండలకూ మన ఊరికీ ఏం సంబంధం అని మొదటి రోజు విసుక్కున్నాను. రెండో రోజు నేనూ పైకెక్కి చూశాను.

ఇరవై అయిదో తేదీ పొద్దున ఫైలు వచ్చింది. బాపును పక్కన కూర్చోబెట్టుకుని తెరిచాను. మెరిసే గీతలు! హైడ్రోజన్ గీతలు ఒకదాని తర్వాత ఒకటి పైకి లేచి నిలబడ్డాయి. వాటి నడుమ బాగా వేడెక్కిన హీలియం గీత కూడా ఉంది. నాకు అరుపొచ్చేసింది. అమ్మ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

"ఎవరోళ్లు?" అన్నాడు బాపు, వారం తర్వాత మొదటిసారి ఆ గొంతుతో.

చెప్పాను. అది బ్లాక్ హోల్ కాదు, జంట నక్షత్రం. ఒకటి చచ్చిపోయి గట్టిపడిన చిన్న తెల్ల నక్షత్రం, రెండోది ఇంకా బతికున్నది. చచ్చినది బతికున్నదాని వాయువును లాక్కుంటోంది. ఆ వాయువు పడే చోట విపరీతంగా వేడెక్కి ఎక్స్-కిరణాలు పుడుతున్నాయి. ఇలాంటివి చాలానే తెలుసు, పెద్ద విశేషం కాదని కూడా ముందే చెప్పేశాను.

"అంటే పక్కోని మడిల నీళ్లు తనదాంట్లకు మలుపుకున్నట్టు" అన్నాడు బాపు. "గసుంటోళ్లు మనూర్లె మస్తున్నరు. అయితేంది, తెలిసిందా లేదా?"

"తెలిసింది బాపు."

"ఇగ పరేషాన్ లేదు" అన్నాడు గానీ, ముఖంలో ఇంకా ఏదో మిగిలే ఉంది.

మర్నాడు బడిలో జెండా ఎగిరింది, పిల్లలకు మిఠాయి పంచారు. పెద్దసారు నాకు శాలువా కప్పి, బ్లాక్ హోల్‌ను పట్టిన మన ఊరి ఆణిముత్యం అని మైకులో చెప్పేశారు. నేను ముందే చెప్పినా ఆయన పాత కాగితమే చదివారు. నేను మైకు తీసుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. పట్టలేదని, తప్పు చుక్కను చూశానని, కుడి ఎడమలు మరిచిపోయానని. వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. నా చెవులు వేడెక్కాయి.

అప్పుడు ముందు వరుసలోంచి బాపు లేచాడు. ఆయన జన్మలో మైకు పట్టుకున్న మనిషి కాదు. దాన్ని పట్టించుకోకుండా గట్టిగా, "పిల్ల తప్పేం లేదు. తూర్పు కుడికుంటదని నేర్పింది నేను. తప్పు నాది. దిద్దుకున్నది ఆమె" అన్నాడు. అంతటితో కూర్చుంటాడనుకున్నాను. కూర్చోలేదు. మిఠాయి డబ్బాలు పెట్టిన పొడుగు బల్ల మీద డబ్బాలన్నీ ఒక పక్కకు జరిపి, ఇస్త్రీ తెల్ల చొక్కాతో దాని మీద వెల్లకిలా పడుకున్నాడు, తల ఉత్తరానికి. ఆడవాళ్లలోంచి అమ్మ "అయ్యో" అనడం వినిపించింది. బాపు జేబులోంచి మడతలు పెట్టిన నా చార్టు తీసి ముఖం మీద పట్టుకుని, "చూడుండ్రి పిల్లలు, పొలం నక్ష వేరే, మొగులు నక్ష వేరే. తూర్పు ఎటున్నది?" అని అడిగాడు.

"ఎడమకు!" అని అరిచారు పిల్లలు.

"మళ్ల చెప్పుండ్రి."

బల్ల గట్టిది. మాట్లాడినప్పుడల్లా ఆయన తల చెక్కకు తగులుతోంది. నేను భుజం మీది శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, ఆయన తల కింద పెట్టాను.